ముసలి లారీకి కొత్త గుండె

వేపచెట్టు కింద ఉయ్యాల కట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. కాని కిందటి ఎండాకాలంలో అనంతపురం పొలిమేరలోని ఒక వేపచెట్టు కింద నేను చూచిన ఉయ్యాలలో పసిపాప లేదు, లారీ ఇంజను ఉన్నది. మూడు ఇనుప స్తంభాలను పైన ఒకచోట కలిపి, నడుమ గొలుసు కప్పీ వ్రేలాడదీసి, పదిమంది పట్టినా కదలని ఆ నల్లని ముద్దను దానికి తగిలించారు. పక్కన నిలబడిన మనిషి ముఖంలో మాత్రం ఆసుపత్రి వరండాలో నిలబడిన తండ్రి ఆదుర్దా అంతా కనబడుతున్నది.

ఆయన మా పక్కవీధివాడు. లారీ ఆయనదే, దానికి డ్రైవరూ ఆయనే. తాడిపత్రి బండలు మదనపల్లె వైపు తోలుతాడు. చీనీ కోతలు వచ్చినప్పుడు తోటల నుంచి అనంతపురం మార్కెట్టుకు కాయలు తోలుతాడు. లారీకి పాతికేళ్లు దాటినవి. వారం క్రితం కదిరి దాటిన తరువాత, బండల బరువుతో ఎగువ ఎక్కుతూ, అది ఊపిరాడక రోడ్డు పక్కన నిలిచిపోయింది. మరొక లారీకి కట్టి ఈడ్చుకొని వచ్చారు.

కొత్త లారీ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇల్లాలి గాజులు బ్యాంకులో పెట్టగా చేతికి వచ్చినది లక్ష రూపాయలు. ఆ లక్షలోనే ఇంజను మళ్లీ లేచి నిలబడాలి. చీనీ కోతలు మొదలయ్యేలోగా బండి రోడ్డెక్కాలి. ఎక్కకపోతే బాడుగ లేదు, బాడుగ లేకపోతే గాజులు తిరిగి ఇంటికి రావు.

లక్ష రూపాయలతో ముసలి ఇంజనుకు మళ్లీ యౌవనం తెప్పించవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవాలనే కుతూహలంతో దాదాపు రెండు వారాలు నా సాయంకాలాలు ఆ షెడ్డులోనే గడిపాను. నా చొక్కాలు రెండు మసిబారిన మాట నిజమే గాని, నేర్చుకున్నది తక్కువేమీ కాదు.

ఎండిన చెరువులో పుట్టిన విద్య

యజమానికి ఒక కొడుకున్నాడు. పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. మొదటి రోజునే అతడు సెల్‌ఫోను తెచ్చి తండ్రి ముఖం ముందు పెట్టాడు. అందులో అమెరికా కుర్రవాళ్లు తుక్కు లారీ ఇంజనును విప్పి, బిగించి, పులిలా గర్జింపజేస్తున్నారు.

"నాయనా, దీన్ని హాట్ రాడ్ అంటారు. మనమూ ఇట్లే చేద్దాం. బండి ఎగువలో కూడా గుర్రం మాదిరి పోతాది" అన్నాడు.

ఇంజను మేస్త్రీ ముసలాయన. అందరూ ఆయనను "భాయ్" అంటారు. ఆయన ఫోనులోకి తొంగిచూచి, "బాగుండాది అబ్బోడా. ఆ బండి బండలు మోస్తాదా?" అని మాత్రం అడిగాడు.

ఈ హాట్ రాడ్ కథ మన పాఠకులకు కొంత చెప్పాలి. పాత బండిని చవకగా కొని, దాని ఇంజనులోంచి తయారుచేసినవారు ఊహించనంత శక్తి రాబట్టడాన్ని అమెరికాలో ఆ పేరుతో పిలుస్తారు. ఈ విద్య పెరిగినది కాలిఫోర్నియాలో, 1930 తరువాతి ఆర్థిక మాంద్యపు రోజుల్లో. చేతిలో డబ్బులేని యువకులు పాత ఫోర్డు కార్లు కొని, తుక్కు దుకాణాల్లో సామాను వెదికి, తామే ఇంజన్లు బిగించుకొనేవారు. పందేలకు వారికి దొరికిన మైదానాలు ఎండిన సరస్సులు. ముయరాక్, ఎల్ మిరాజ్ అనే ఆ సరస్సుల అడుగు అద్దంలా చదునుగా, గట్టిగా ఉంటుంది. 1937లో ఆ కుర్రవాళ్ల సంఘాలన్నీ కలిసి ఒక పెద్ద సంఘంగా ఏర్పడి, గడియారాలు పెట్టి వేగం కొలిచి, పద్ధతి ప్రకారం పందేలు జరపసాగినవి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ అనే ఆయన 'హాట్ రాడ్' పేరుతో ఒక పత్రికనే ప్రారంభించాడు.

ఎండిన సరస్సు వారికి ఆటస్థలమైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచే మన అనంతపురంలో బుక్కరాయసముద్రం చెరువు నెర్రెలిస్తే జనం గుండెలు నెర్రెలిస్తాయి. కాని లేమి నేర్పే విద్య మాత్రం రెండుచోట్లా ఒకటే. ఉన్నదానితోనే పని జరిపించుకోవాలి.

ఒకే ఇంజనుకు రెండు జాతకాలు

ఆ కుర్రవాళ్లకు ప్రియమైన ఇంజన్లలో మొదటిది 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుల కోసం తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. కొత్తలో దాని బలం 65 అశ్వశక్తి. వారు సిలిండర్లను రవ్వంత పెద్దవి చేసేవారు. పైన మూతవంటి హెడ్డును అరగదీసి, ఇంధనపు గాలి ఇంకా బిగువుగా నొక్కుకొనేటట్టు చేసేవారు. ఒక కార్బొరేటరు ఉన్నచోట రెండు, మూడు పెట్టేవారు. సూత్రమంతా ఇంతే. ఎక్కువ గాలి లోపలికి పోవాలి, అది గట్టిగా నొక్కుకోవాలి, కాలిన పొగ సులువుగా బయటికి పోవాలి. ఆ ఇంజనుకు ఒక జబ్బు కూడా ఉండేది. కాలిన పొగ వెళ్లే దారి ఇంజను దిమ్మె లోపలి నుంచే పోవడంవల్ల అది త్వరగా వేడెక్కేది. గర్జించిన ఇంజను కాసేపటికి ఆవిరి కక్కేది.

రెండవది లారీ ఇంజనే. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం జి.ఎం.సి. కంపెనీ 5 లక్షలకు పైగా లారీలు చేసింది. వాటిలో ఆరు సిలిండర్ల, 270 ఘనపుటంగుళాల ఇంజను ఉండేది. అస్సాం నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన లీడో రోడ్డు మీద నడిచినవి ఈ లారీలే. యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో కుర్రవాళ్లు ఆ ఇంజన్లను చవకగా కొని, పందెపు కార్లలో పెట్టి పరుగులెత్తించారు.

మన దేశంలోనూ అప్పుడే సైన్యం వదిలేసిన లారీలను వేలం వేశారు. 'డిస్పోజల్ లారీలు' అని పెద్దలు చెప్పుకొనేవి అవే. మనవారు వాటిని పందేలకు దింపలేదు. చెక్కతో, రేకుతో ఒళ్లు కట్టి బస్సులు చేశారు, ధాన్యం మోసే లారీలు చేశారు. అమెరికాలో పందెపు గుర్రమైన జాతి మన దేశంలో కాడి మోసే ఎద్దయింది.

అంతకుముందు, యుద్ధకాలంలో పెట్రోలు రేషనైనప్పుడు, మన మేస్త్రీలు చేసిన ఘనకార్యం వేరొకటి ఉన్నది. బస్సు వెనుక పెద్ద ఇనుప పొయ్యి బిగించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన వాయువుతో పెట్రోలు ఇంజనునే నడిపించారు. బలం తగ్గేది. ఎగువ వస్తే ప్రయాణికులు దిగి తోసేవారు. అయినా ఊరు చేరేవారు.

తరువాత డీజిలు వచ్చింది. డాడ్జి, ఫార్గో లారీలలో పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు వెలసినవి. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు ఆ పెర్కిన్స్ ఇంజన్లను ఇక్కడే తయారుచేశారు. 1954లో టాటావారు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసినా, ఆ వంశపు ఇంజన్లు మన రోడ్ల మీద దశాబ్దాలు ఏలినవి.

మా పక్కవీధివాడి ఇంజను ఆ వంశంలోదే. దాని పేరు 697. ఆ అంకెలోనే దాని జాతకం ఉన్నది. 6 సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మిల్లీమీటర్ల వెడల్పు. లోపల పిస్టను 128 మిల్లీమీటర్లు పైకీ కిందికీ తిరుగుతుంది. లెక్క వేస్తే మొత్తం 5,675 ఘన సెంటీమీటర్లు, అంటే అయిదున్నర లీటర్లకు పైమాట.

పొగను చూచి రోగం చెప్పే వైద్యుడు

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం పిల్లలందరికీ తెలుసు. అదే ఇక్కడ కిటుకు. సిలిండరులోని గాలిని పదిహేడో వంతుకు అటూ ఇటూగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలును తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో దీనిని నడిపి చూపించాడు. ఇంధనంలోని వేడిలో నాలుగో వంతుకు పైగా పనిగా మారడం ఆనాటి ఆవిరి ఇంజన్లకు అందని ఘనత.

కాబట్టి డీజిలు ఇంజనుకు ప్రాణం బిగువు. గాలి ఎక్కడ జారిపోయినా వేడి పుట్టదు, వేడి పుట్టకపోతే మంట సరిగా అంటదు, బలం రాదు.

"పొగ చూస్తే రోగం తెలుస్తాది సార్" అన్నాడు భాయ్. "నల్ల పొగ వస్తే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. నీలం పొగ వస్తే లోపల ఆయిల్ మండతాండాది. తెల్ల పొగ వస్తాంటే డీజిలు కాలకుండానే పోతాండాది, లేదంటే నీళ్లు దూరినాయి. ఈ బండికి మొదటి రెండూ ఉండాయి."

ఇంజను విప్పిన తరువాత ఆయన సిలిండరు పైభాగంలో నా వేలు పెట్టించి చూపాడు. గోరుకు సన్నని మెట్టు తగిలింది. పిస్టను మీది రింగులు పైకి వెళ్లి తిరిగే చోట వేడి ఎక్కువ, చమురు తక్కువ. అందుకే అరుగుదల అక్కడే ఎక్కువ. ఏళ్ల తరబడి అరిగి అరిగి ఆ మెట్టు ఏర్పడుతుంది. గాలి జారిపోయే దారి అదే.

అరుగుదలను కొలిచేది వెంట్రుక మందంలో. కొలిచి చూస్తే ఆరు సిలిండర్లలో ఆరూ అరిగినవి. క్రాంకు షాఫ్టు మీద రెండు చోట్ల గీతలు పడినవి. హెడ్డులో వాల్వుల సీట్లు గుంటలు పడినవి. ఇంజను దిమ్మెకు మాత్రం పగులు లేదు. అది విన్నప్పుడు యజమాని మొదటిసారిగా కింద కూర్చుని టీ అడిగాడు.

ఎక్కడ పొదుపు? ఎక్కడ కాదు?

ఇల్లు నడిపే ఆడవారికి తెలిసిన రహస్యమే భాయ్ నాకు చెప్పాడు. పెళ్లిలో పందిరి తగ్గించుకోవచ్చును, బియ్యం తగ్గించుకోరాదు.

"కంటికి కనపడే చోట దుడ్లు మిగిలించు, కనపడని చోట పెట్టు" అన్నాడు యజమానితో. "రంగు వేయొద్దు. సెల్ఫు మోటరు పాతదే బాగుచేద్దాం. డైనమో పాతదే. బోల్టులు, పైపులు, మ్యానిఫోల్డు కడిగి పెట్టుకుందాం. కడిగే పని నీ కొడుక్కు అప్పజెప్పు, దానికి కూలి లేదు."

కూలి లేని ఆ పనే అన్నింటికన్న ముఖ్యమైనదని తరువాత తెలిసింది. దిమ్మె లోపల చమురు ప్రవహించే సన్నని దారులుంటాయి. వాటిలో పాతికేళ్ల మడ్డి పేరుకొని ఉంటుంది. కొత్త బేరింగులు వేసి, ఆ మడ్డి వదలకపోతే, తొలిరోజే అది కొట్టుకొని వచ్చి బేరింగులను గీరేస్తుంది. పాలిటెక్నిక్ కుర్రవాడు మూడు రోజులు డీజిలుతో, తీగ బ్రష్షుతో, గాలి గొట్టంతో ఆ దారులు కడిగాడు. చివరకు భాయ్ తెల్లగుడ్డ దూర్చి లాగి, అది తెల్లగానే బయటికి వచ్చిన తరువాతగాని "సరే" అనలేదు.

డబ్బు పోసిన చోట్లు నాలుగు.

మొదటిది సిలిండర్లు. కొత్త స్లీవులు దించి, పిస్టన్లు, రింగులు కంపెనీవే వేశారు. రింగును సిలిండరులో పెట్టి, దాని రెండు కొసల మధ్య సందును కొలిచి చూడాలి. నూరు మిల్లీమీటర్ల వెడల్పు సిలిండరుకు మిల్లీమీటరులో మూడు, నాలుగు పదోవంతులు ఉండాలని మామూలు లెక్క. సందు ఎక్కువైతే గాలి జారిపోతుంది. తక్కువైతే వేడికి రింగు సాగి, కొసలు రెండూ గుద్దుకొని విరుగుతుంది.

రెండవది క్రాంకు షాఫ్టు. గీతలు పోయేవరకు దానిని యంత్రం మీద సానపట్టి, ఎంత సన్నబడిందో అంత లావు బేరింగులు వేయాలి. ఇది మెట్లు మెట్లుగా, మిల్లీమీటరులో నాలుగో వంతు చొప్పున సాగుతుంది. దీనినే మేస్త్రీలు 'పది సైజు', 'ఇరవై సైజు' అంటారు. కొన్ని సార్ల తరువాత ఇక సానకు చోటుండదు. కనుక ఇక్కడ తొందరపడితే తదుపరిసారికి దారి మూసుకుపోయినట్టే.

మూడవది డీజిలు పంపు, నాజిళ్లు. 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ వెలసిన తరువాత దక్షిణాదిలో ఈ పంపుకు 'మైకో పంపు' అనే పేరే స్థిరపడిపోయింది. 2008లో కంపెనీ పేరు బాష్ అని మారినా షెడ్డుల్లో ఆ మాట మారలేదు. నాజిలు చిమ్మే ఒత్తిడి లారీ టైరులోని గాలి ఒత్తిడికి ఇరవై రెట్లు దాటి ఉంటుంది. తుంపర పొగమంచులా పడాలి. ధారగా పడితే పిస్టను తల కాలిపోతుంది. ఆరు నాజిళ్లూ ఒకే కొలత పోయాలి. ఇది బల్ల మీద బిగించి, గాజుగొట్టాల్లో కొలిచే పని. చెవితో విని సరిచేస్తానన్న మేస్త్రీని నమ్మరాదని భాయ్ స్వయంగా చెప్పాడు. ఆయనా మేస్త్రీయే!

నాలుగవది చిన్నది, కాని ప్రాణాంతకమైనది. కనెక్టింగ్ రాడ్ల బోల్టులు. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టను సెకండుకు 33 సార్లు పైకి పోయి కిందికి వస్తుంది. ఆ కుదుపంతా భరించేవి ఆ బోల్టులే. ఒకటి తెగితే రాడ్డు దిమ్మెను బద్దలుకొట్టుకొని బయటికి వస్తుంది. భాయ్ వాటిని కొత్తవి తెప్పించి, కొలత చూపే రెంచితో బిగించి, ఒక్కొక్క దాని మీద సుద్దతో గుర్తు పెట్టాడు.

దుమ్ము, నీరు, ఎండ

మన సీమలో ఇంజనుకు మరి మూడు శత్రువులున్నవి. అమెరికా సినిమాల్లో వీటి ప్రసక్తి రాదు.

మొదటిది దుమ్ము. పైన చెప్పిన లెక్క ప్రకారం, 2,000 చుట్ల వద్ద ఆ ఇంజను నిమిషానికి దాదాపు 5 వేల లీటర్ల గాలి పీల్చుతుంది. ఇరవై లీటర్ల నూనె డబ్బాలతో కొలిస్తే 250 డబ్బాలు! వేరుశనగ పొలాల మధ్య మట్టిరోడ్డున ఆ గాలితోపాటు ఎంత ఎర్రదుమ్ము పోతుందో ఊహించండి. ఆ దుమ్మే లోపల ఆకురాయిలా పనిచేస్తుంది. గాలిని వడగట్టే డబ్బా అడుగున చమురు మార్చడం వేయి రూపాయల పని కూడా కాదు. అది చేయనందువల్లనే ఈ లక్ష రూపాయల పని పడింది. ఈ మాట భాయ్ నెమ్మదిగానే అన్నాడు గాని, యజమాని తల వంచుకున్నాడు.

రెండవది నీరు. మన బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని సున్నపు పొర కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. అదే పొర ఇంజను లోపలా, రేడియేటరు గొట్టాలలోనూ కడుతుంది. సున్నం కట్టిన గోడ గుండా వేడి బయటికి రాదు. ఇంజను కాగుతుంది, హెడ్డు వంకర పోతుంది, గ్యాస్కెట్టు కాలుతుంది. అందుకని రేడియేటరును విప్పి గొట్టం గొట్టం పొడిచి శుభ్రం చేయించారు. తిరిగి బోరునీరు పోయక, శుద్ధిచేసిన నీటిలో కూలెంటు కలిపి పోశారు.

మూడవది ఎండ. వేడిగాలి పలుచన. పలుచని గాలిలో మంటకు బలం తక్కువ. దానికి తోడు ఎగువ. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె 700 మీటర్ల దాకా ఉన్నది. బండలతో ఆ ఎత్తు ఎక్కడానికి కావలసినది పరుగు కాదు, నిదానంగా లాగే బలం. పందెపు ఇంజను ఎక్కువ చుట్లలో బలం చూపుతుంది. కాడి మోసే ఇంజను తక్కువ చుట్లలోనే చూపాలి.

టర్బో తగాదా

ఇంతవరకు సజావుగా సాగిన పనిలో ఒక సాయంత్రం చిక్కు వచ్చింది. తుక్కు దుకాణంలో ఒక పాత టర్బో చవకగా ఉన్నదని కుర్రవాడు కబురు తెచ్చాడు. కాలి బయటికిపోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని లోపలికి దట్టించే సాధనం అది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. నేటి లారీలన్నింటా ఉన్నది. ఎక్కువ గాలి, ఎక్కువ డీజిలు, ఎక్కువ బలం. కుర్రవాడి మాటలో తప్పేమీ లేదు.

"పంపుకు పెట్టిన దుడ్లు తగ్గించి ఇది కొందాం నాయనా" అన్నాడు.

తండ్రి మనస్సు ఊగింది. ఎగువలో అవమానపడినవాడికి బలం మాట తీపిగానే ఉంటుంది. భాయ్ చేతులు తుడుచుకొని కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అబ్బోడా, టర్బో మంచిదే. అది నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతాది. దానికి చమురు చానా శుభ్రంగా, తెగకుండా అందల్ల. వేడి పెరుగుతాది, ఆ వేడికి తగిన పిస్టన్లు కావల్ల, రేడియేటరు పెద్దది కావల్ల. బలం పెంచితే క్లచ్చు చాలదు. క్లచ్చు మార్చినా, దిగువలో ఆపేది బ్రేకులు గదా, అవి పాతవే గదా. ఒకటి పెంచితే అయిదు పెంచల్ల. నీ నాయన దగ్గర ఉండేది ఒక్క లక్ష."

కుర్రవాడు మాట్లాడలేదు. భాయ్ మళ్లీ అన్నాడు: "ఈ ఇంజను పుట్టినప్పుడు దానికి ఎంత బలం ఉండెనో అంతా దానికి తిరిగిస్తే ఎగువ ఎక్కుతాది. పోయిన బలం తెచ్చుకోవడం చవక. లేని బలం తెచ్చుకోవడం ప్రియం."

ఆలోచించి చూస్తే కాలిఫోర్నియా కుర్రవాళ్లలో గెలిచినవారూ ఈ పద్ధతివారే. కొలత తప్పకుండా బిగించినవాడి ఇంజను గీటు దాటింది. బిగువు చూడకుండా అలంకారం చేసినవాడిది సరస్సు మధ్య ఆవిరి కక్కింది.

చట్టం మాట కూడా ఒకటి ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. ఉన్న ఇంజనునే బాగుచేసుకుంటే చిక్కు లేదు. వేరే ఇంజను దించితే మాత్రం రవాణా శాఖవారి అనుమతితో పత్రంలో నమోదు చేయించుకోవాలి.

టర్బో రాలేదు. తగాదా తీరిన సంతోషంలో టీ తాగుతూ నేను ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. డీజిలు ఇంత ప్రియమైనప్పుడు మన జిల్లాలో పండే వేరుశనగ నూనె పోసి నడపరాదా అని. నవ్వుతారనుకున్నాను. కాని ఆ ప్రశ్న నాకన్న ముందు పుట్టినదే. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతోనే నడిపారు. చూచేవారికి తేడాయే తెలియలేదని రుడాల్ఫ్ డీజిల్ తరువాత చెప్పాడు. అయితే పచ్చినూనె చిక్కన. ఎక్కువకాలం వాడితే నాజిళ్లలో జిగురు కడుతుంది. పైగా ఈనాడు లీటరు వేరుశనగ నూనె లీటరు డీజిలు కన్న ఎంతో ప్రియం.

"చెనిక్కాయ నూనె బండికి పోస్తే ఇంట్లో తిరగమోతకు డీజిలు పోయల్ల" అన్నది క్యారియరు తెచ్చిన యజమాని భార్య. ఆ షెడ్డులో ఆ రోజు అందరూ మొదటిసారిగా నవ్వారు.

మొదటి పొగ

పదమూడవ రోజు సాయంత్రం ఇంజనును మళ్లీ లారీలో దించారు. నిమ్మకాయ కట్టారు. సెల్ఫు తిప్పగానే ఒకసారి దగ్గి ఊరుకున్నది. రెండవసారి పంపులోని గాలి తీసి తిప్పారు. పట్టుకున్నది. ముందు తెల్లని పొగ వచ్చింది, తరువాత పలుచబడింది, తరువాత గొట్టం మీద వేడి తప్ప కంటికి ఏమీ కనబడలేదు. భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, ఆరు సిలిండర్లనూ వరుసగా విన్నాడు. డాక్టరుగారు గుండె వినడం ఇలాగే ఉంటుంది. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాము.

"బాగుండాది" అన్నాడు.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే యజమాని ఫోను మోగింది. తాడిపత్రి నుంచి. మరునాడే మదనపల్లెకు నిండు లోడు. బాడుగ మంచిది. ఆ డబ్బుతో బ్యాంకు వడ్డీ కొంత తీరుతుంది. ఆయన ముఖం వెలిగింది. భాయ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"సగం లోడే. మొదటి వేయి కిలోమీటర్లు రింగులు సిలిండర్లతో సర్దుకోవల్ల. నిండు లోడు వేస్తే కాలిపోతాది. ఖాళీగా నిలబెట్టి గంటలు గంటలు తిప్పినా చెడ్డదే, రింగులు కుదురుకోవు. సగం లోడు, మధ్యరకం వేగం. తరవాత ఆయిల్ మార్చి ఏమైనా మోయ్."

సగం లోడంటే సగం బాడుగ. అప్పు తెచ్చిన ఇంటికి అది చిన్న మాట కాదు. యజమాని ఫోను చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. చివరకు భార్య వైపు చూచాడు. ఆమె గాజులు లేని చేతులతో క్యారియరు గిన్నెలు సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నది: "పదమూడు దినాలు ఆగినాము గదా. రోంత ఆగితే ఏమైతాది?"

మరునాడు లారీ సగం లోడుతో బయలుదేరింది. పక్కసీటులో కుర్రవాడు ఒక నోటుపుస్తకం పెట్టుకొని కూర్చున్నాడు. ఎన్ని కిలోమీటర్లకు ఎంత డీజిలు, వేడి ముల్లు ఎక్కడున్నది, పొగ ఏ రంగు, అన్నీ రాయమని భాయ్ ఆజ్ఞ.

రెండు రోజుల తరువాత ఆ పుస్తకం నేను చూచాను. కిందటిసారి బండి ఆగిపోయిన ఎగువ దగ్గర ఒక్క వాక్యం రాసి ఉన్నది. "ఎక్కింది. పొగ లేదు."